నేనింకా దిగలేదు

మనుషుల్ని పధ్నాలుగు వేల అడుగుల ఎత్తుకి తీసుకెళ్ళి, అక్కణ్ణించి దూకించి రావడం నా ఉద్యోగం. బస్సు డ్రైవరుకీ నాకూ ఒకటే తేడా. నా ప్రయాణికులు బండి ఆగకుండానే దిగుతారు.

చివరివాడు దూకీ దూకగానే విమానాన్ని నిలువునా కిందికి దించి, పారాచూట్ల కంటే ముందు నేల మీదుండేవాణ్ణి. అందరూ ‘రాకెట్’ అని పిలిచేవాళ్ళు. వినడానికి బాగానే ఉండేది.

మా చెల్లెలి భర్త కూడా అదే క్లబ్బులో దూకడం నేర్పేవాడు. నేనతన్ని బావా అంటే అతను నన్ను బావా అనేవాడు. తన శిష్యులందరినీ పంపించి తను ఆఖర్న దూకేవాడు. విమానం తలుపు గడప మీద నిలబడి, వెనక్కి తిరిగి, “బావా, నేను దిగాకే విమానం ముక్కు కిందికి వంచు. నీకేం రైలు తప్పిపోదు” అనేవాడు. ప్రతిసారీ అనేవాడు. ప్రతిసారీ నవ్వేసేవాణ్ణి.

పదకొండు నెలల కిందట, ఆ నవ్వుతోనే వంచేశాను. అతని కాళ్ళింకా గడప మీదే ఉన్నాయి. విమానం కిందికి జారింది, అతను పైకి తేలాడు. తోక రెక్క మెడకి తగిలింది. పచ్చి కట్టె విరిగినట్టు ఒక కుదుపు స్టీరింగులోంచి నా అరచేతుల్లోకి పాకింది. మొండెం ఒక పొలంలో దొరికింది. తల కోసం మర్నాటిదాకా వెతికారు.

‘దూకేటప్పుడు పైకి ఎగిరాడు, పొరపాటు అతనిదే’ అని విచారణలో రాసిచ్చాను. చెల్లి నా భుజం మీద వాలి, “ఎంత జాగ్రత్త చెప్పినా వినలేదా అన్నయ్యా ఆయన?” అని ఏడ్చింది. వినలేదమ్మా అన్నాను. తల నిమిరాను కూడా.

అది జరిగిన పదకొండు నెలలకి, ఓ సాయంత్రం, ఆఖరి లోడు... అంటే దూకేవాళ్ళ ఆఖరి విడత. ఎనిమిదిమంది ఎక్కారు. గాలి స్తంభించిపోయింది. రన్‌వే పక్కన కోసిన గడ్డి వాసన, దాని మీద ఇంధనం వాసన. మెకానిక్కు కిటికీ దగ్గరికొచ్చాడు.

“తోక కాస్త కుంగినట్టుంది సార్. ఎంతమంది?”

“ఎనిమిది.”

“ఓసారి దింపి లెక్కపెడదామా?”

“వెలుతురు పోతోందయ్యా.”

భుజం పట్టీలు బిగించుకోలేదు. నాకోసం ఇచ్చిన పారాచూట్ వీపున బరువని సీటు కింద తోశాను. లేచాం.

పైన ఎండ ఇంకా ఎర్రగా ఉంది. వేగం తగ్గించి, దూకమని పచ్చ దీపం వెలిగించాను. ఒకరి వెనక ఒకరు దూకారు. ఆరు. ఏడు. ఎనిమిది. ముక్కు వంచాను.

“ఆగు బావా.”

హెడ్‌సెట్‌లో... చెవిలోనే అన్నట్టు.

“నేనింకా దిగలేదు.”

వెనక్కి చూశాను. ఖాళీ. తెరిచిన తలుపు, గాలి హోరు. ఆ గాలిలో తడిమట్టి వాసన, దాని వెనకే పచ్చి నెత్తుటి వాసన. గడప కింది అంచున రెండు చేతులు కనబడ్డాయి. బయటినుంచి పట్టుకుని ఉన్నాయి. మెల్లగా మోచేతులు లోపలికొచ్చాయి. తర్వాత భుజాలు. భుజాల పైన... ఏమీ లేదు.

ముందుకి తిరిగి స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను. విమానం నేల మీద ఒళ్ళు ఈడ్చుకొస్తున్న చప్పుడు దగ్గరయింది. చల్లటి వేళ్ళు జుట్టు దొరకబుచ్చుకున్నాయి.

అది నా మొహాన్ని మీటర్ల అద్దాల మీదేసి కొట్టింది. ముక్కు చితికింది. మళ్ళీ కొట్టింది. గాజుపెంకు కనుబొమలో దిగింది. నడుము బెల్టు ఊడిన చప్పుడు విన్నాను. నన్ను సీట్లోంచి పెరికి వెనక్కి ఈడ్చింది. ఎడమచేత్తో సీటు కాలు పట్టుకున్నాను. విమానం కిందికి దూసుకుపోతోంది, ప్రమాద గంట ఆగకుండా మోగుతోంది.

అది తొందరపడలేదు. నా చూపుడువేలు వెనక్కి విరిచింది. తర్వాత నడిమివేలు. తర్వాత ఉంగరపువేలు. పట్టు జారింది.

తలుపు బయటికి నా తల వేలాడింది. చెంపలు చీలిపోయేంత గాలి. ఎదురుగా తోక రెక్క... ఎర్రటి ఎండలో కత్తి అంచులా. మెడని దానికేసి కొంచెం కొంచెంగా తోస్తోంది.

హెడ్‌సెట్ ఇంకా చెవులకే ఉంది.

“ఎవరిది బావా పొరపాటు?”

“నాది.”

“వినబడలేదు.”

“నాదే. నువ్వు దిగకముందే వంచాను. అబద్ధం రాశాను. నాదే.”

పట్టు వదిలింది. విమానం లోపలే నేల మీద పడ్డాను. తర్వాత ఏం జరిగిందో తెలియదు.

కళ్ళు తెరిచేసరికి విమానం రన్‌వే చివర నిలిచి ఉంది. ఇంజను ఆగి ఉంది. నేను వెనక తలుపు దగ్గరే, నెత్తుటి మడుగులో ఉన్నాను. పైలట్ సీటు ఖాళీ. మెకానిక్కు నన్ను మోసుకుంటూ ఆఫీసు గదిలోకి తెచ్చాడు. రేడియో దగ్గర కూర్చుని లోడు లిస్టు రాసే అమ్మాయి గోడకి అతుక్కుపోయి నిలబడింది.

“విమానం ఎవరు దించారు?” అన్నాను.

“రేడియోలో మీ గొంతు ఒక్కసారే వినబడింది సార్. తప్పు నాదే అన్నారు. తర్వాత మాట్లాడిందంతా... మీ బావగారు. దిగుతున్నానన్నారు. దిగారు.”

“ఇంకేమన్నాడు?”

ఆమె లిస్టు నా వైపు తిప్పింది. రేపు పొద్దున్న మొదటి లోడు. రెండు పేర్లు. మొదటిది అతనిది. రెండోది మా చెల్లిది.

“ఆయన చెబుతుంటే రాశాను సార్. చెయ్యి ఆగలేదు.”

మా చెల్లి జన్మలో విమానం ఎక్కలేదు. కుడిచేత్తో ఫోన్ తీసి తనకి చేశాను. చాలాసేపు మోగింది. ఎవరో ఎత్తారు.

“చెల్లెమ్మా...” అన్నాను.

అవతల గాలి. ఎత్తు మీద, విమానం తలుపు తీసినప్పుడు చెవులు పగలగొట్టే గాలి.