కప్పతల్లి దూప

నిడమనూరు దగ్గరి ఆ ఊళ్లో నారుమళ్లు ఎర్రబడ్డాయి. సాగర్ కాలువకు నీళ్లు రాలేదు. మబ్బు పట్టడం, మొహం చూపించి పోవడం. ఇక లాభం లేదని ఆడవాళ్లంతా కప్పతల్లి ఆడదామనుకున్నారు. కప్పను గుడ్డలో మూటగట్టి, వేపమండలతో రోకలికి వేలాడదీసి ఇంటింటికీ తిప్పుతారు. ప్రతి ఇల్లాలూ దాని మీద బిందెడు నీళ్లు పోస్తుంది. ఆఖరున దాన్ని ప్రాణంతో నీళ్లలో వదలాలి. అప్పుడే వాన.

తీరా చూస్తే ఊళ్లో కప్పే లేదు. చివరికి బోరింగు దగ్గర తడిరాయి ఎత్తితే తిరుపతమ్మకు ఒకటి దొరికింది. అది ఎగరలేదు. చేత్తో పట్టుకుంటే బూడిదలాంటి పొర వేళ్లకు అంటుకుంది.

"అమ్మా, దాన్ని వదిలెయ్," అంది సింధూజ. తిరుపతమ్మకు ఒక్కతే బిడ్డ. మిర్యాలగూడలో డిగ్రీ చదువుతోంది. "దాని తోలుకు బూజు రోగం పట్టింది. కప్ప నోటితోని తాగదే, తోలుతోనే తాగుతది. తోలు చెడితే నీళ్లల్ల ఉండి గూడ బతకది."

"జరగుండ్రి, కప్పల డాక్టరమ్మ వచ్చింది!" పక్కింటి సీతాబాయి వెక్కిరించింది. "అక్కా, మంచి మగకప్ప ఉంటే సూడు, నీ బిడ్డకు ఖాయం జేద్దాం."

అందరూ నవ్వారు. తిరుపతమ్మా నవ్వింది.

రోకలి ఒక కొస తిరుపతమ్మ భుజాన, ఇంకో కొస సీతాబాయి భుజాన. ఇంటింటా పోసిన నీళ్లు వాళ్ల చేతుల మీదుగా కారాయి. ఆఖరి ఇల్లు తిరుపతమ్మదే. మూటలోంచి కారిన నీళ్లు చెంబులో పట్టి, మంచిదంటూ బిడ్డ నెత్తిన పోసింది.

"ఛీ, అమ్మా!"

ముడి విప్పితే కప్ప కాళ్లు బార చాపి ఉంది. చచ్చిపోయి ఎంతసేపయిందో.

"సప్పుడు చెయ్యకక్కా," సీతాబాయి గుసగుసలాడింది. "ఎవలకు తెలుస్తది?"

ఇద్దరూ దాన్ని ఎండిన కాలువలో పారేసి వచ్చారు.

దీపాలు పెట్టేవేళకు వాన దంచింది. కరెంటు పోయింది. మొగుడు ఐలన్న మిల్లు పనికి పోయి ఇంకా రాలేదు. గడపలో కూర్చున్న తిరుపతమ్మకు మట్టివాసన కమ్మగా తగిలింది. కానీ ఎన్ని చెంబులు తాగినా గొంతు తడారిపోతోంది. ఎండకు తిరిగినందుకేమో అనుకుంది.

అప్పుడు గమనించింది. ఇంత వాన కురిసినా ఒక్క కప్పా అరవడం లేదు. వినిపిస్తున్నదల్లా బాత్రూంలో చెంబు చప్పుడే.

"ఎన్నిసార్లు పోసుకుంటవే? సర్ది అయితది."

"దూప అయితుందమ్మా."

"బిందె నిండ ఉన్నయి. తాగరాదు?"

"తాగిన... పోతలేదు. మీద పోసుకుంటెనే పోతుంది."

తిరుపతమ్మ ఫోను లైటు వేసి తలుపు నెట్టింది.

సింధూజ గొంతుక్కూర్చుని ఉంది. మోకాళ్లు చెవులను తాకుతున్నాయి. చేతుల మీద చర్మం తడిసిన ఉల్లిపొరలా లేచి ఉంది. లైటు పడినా కన్ను ఆర్పలేదు. గొంతు మాత్రం టకటకా కొట్టుకుంటోంది.

"దవాఖానకు పోదాం. లే బిడ్డా."

లేపి బాత్రూం గడప దాటించింది. అంతే. ఊపిరి ఆగింది. పెదవులు నల్లబడ్డాయి. తిరుపతమ్మ వెనక్కి లాగి చెంబుడు నీళ్లు పోసింది... ఊపిరి వచ్చింది. ఇంకో చెంబు. ఇంకోటి. ఐలన్నకు ఫోను కలవలేదు. బయట వాన వెలిసింది. బిందె ఖాళీ అయింది. చెంబు నీళ్ల గోలెం అడుగును గీకింది.

ఉరికింది. సీతాబాయి తలుపు గడియ వేసి ఉంది.

"సీతా! రెండు బిందెలు నీళ్లియ్యవే! బిడ్డకు పానం మీదికొచ్చింది!"

లోపల చెంబు చప్పుడు.

"లెవ్వక్కా... మాకే సాలుతలెవ్వు."

పక్కింట్లోనూ అదే చప్పుడు. ఆ పై ఇంట్లోనూ. కప్పతల్లికి నీళ్లు పోసిన ప్రతి ఇంట్లోనూ. ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

తిరిగొచ్చి చూరు కింద బిందె పెట్టింది. రేకుల మీద మిగిలిన వాన బొట్టుబొట్టుగా రాలుతోంది. వాకిట్లో గుంతల్లో నిలిచిన నీళ్లు దోసిళ్లతో ఎత్తి పోసింది. బిందె నిండుతోంది. ఇంకొంచెం... బిడ్డకు సరిపోతాయి. ఒరిగిపోకుండా రెండు చేతులూ అందులోనే ఉంచి పట్టుకుంది.

చల్లగా ఉంది. హాయిగా ఉంది. సాయంత్రం నుంచీ పీడిస్తున్న దూప మెల్లగా చల్లారుతోంది.

లోపలినుంచి సన్నగా గొంతు వచ్చింది.

"అమ్మా... అన్ని నువ్వే తాగుతున్నవా?"

తిరుపతమ్మ కిందికి చూసింది. చూరు ఇంకా కారుతూనే ఉంది. బిందెలో నీళ్లు మాత్రం ఆమె మణికట్లు దిగి, వేళ్లు దిగి... అడుగుకు పోతున్నాయి.

చేతులు తీద్దామనుకుంది. అవి రాలేదు.