బుధవారం భోజనం

1942 ఫిబ్రవరిలో ఒక బుధవారం, జావా సముద్రంలో డచ్ క్రూయిజర్ ‘ఐసెల్’ పదకొండు నిమిషాల్లో మునిగిపోయింది. ఫిరంగి దగ్గరున్న డౌవె హుక్‌స్ట్రాకు అప్పటికి ఇరవై ఏళ్లు. బతికి బయటపడ్డవాళ్లు తొమ్మిది మంది. వాళ్లలో డౌవె లేడు, వంటవాడు కొప్పే ఉన్నాడు.

డౌవె అన్న వీబ్రెన్ నౌకాదళ గూఢచారి. అతను ఏడవలేదు. తొమ్మిది మందినీ విడివిడిగా కూర్చోబెట్టి, ముందురోజు ఏం జరిగిందో చెప్పించుకుని రాసుకున్నాడు.

రెండేళ్ల తర్వాత ఒక సోమవారం, సింహళంలోని ట్రింకోమలీ రేవులో కమాండర్ స్టేన్‌బెర్గ్ వీబ్రెన్‌ను పిలిచి గది తలుపు మూశాడు.

“ఐసెల్ జోడీ ఓడ ‘బెర్కెల్’ రేపు తెల్లవారగానే కదులుతుంది. కిందటి రెండుసార్లూ రేవు దాటేసరికి జపాన్ సబ్‌మెరైన్ కాచుకుని ఉంది. తారీఖు తెలిసింది నాకూ కెప్టెన్‌కూ మాత్రమే.”

“ఇంకొకడికి కూడా తెలుసు సార్. కొప్పేకి. ఇప్పుడు బెర్కెల్‌లో వంట అతనిదే, సరుకులు సర్దుకోమని ఒకరోజు ముందే చెప్తారుగా.”

“కొప్పే ద్రోహి అంటావా?”

“కాదు. పిసినారి.”

ప్రతి బుధవారం మధ్యాహ్నం డచ్ ఓడలో అన్నం, కోడికూర, కొబ్బరి పచ్చడి ఉండి తీరాలి. యుద్ధానికి వెళ్లే ఓడలో అంత వంట కుదరదు. సరుకు పాడవడం చూడలేని కొప్పే, బయల్దేరే ముందురోజే కోళ్లు, కొబ్బరికాయలు వద్దని దుకాణానికి చీటీ పంపేవాడు. అప్పట్లో జావాలోని సురబాయాలో, ఇప్పుడు ఇక్కడా, ఆ దుకాణం మార్గో లీన్‌హౌట్‌దే.

“మార్గో మన ఏజెంటయ్యా! శత్రువుల కబుర్లు మనకు తెచ్చేది ఆవిడే.”

“మన భోజనం కబురు వాళ్లకు చేరవేసేదీ ఆవిడే.”

మధ్యాహ్నం వీబ్రెన్ మాసిన ఏప్రన్ కట్టుకుని, వంట సహాయకుడిలా దుకాణానికి వెళ్లాడు. పట్టు గౌనులో మార్గో ఎండుమిర్చి రాశి వెనక నవ్వుతూ కూర్చుంది.

“ఎల్లుండికి అరవై కోళ్లు, నూరు కొబ్బరికాయలు మేడమ్.”

“అయితే బుధవారం ఇక్కడే ఉంటారన్నమాట?”

“ఆ కూడు మానుకుని ఎక్కడికి పోతాం మేడమ్! కెప్టెన్‌ని సముద్రంలో తోసేస్తారు మావాళ్లు.”

“మీ కొప్పేకి చెప్పు, ఈసారైనా బేరమాడొద్దని.”

వీబ్రెన్ రేవుకు తిరిగొచ్చేసరికి అయిదున్నర. కొప్పే గర్వంగా ఎదురొచ్చాడు.

“ఎవడో తెలివితక్కువవాడు కోళ్లు చెప్పొచ్చాడు సార్! వద్దని ఇప్పుడే చీటీ పంపాను. అరవై కోళ్లు దండగ కదా!”

వీబ్రెన్ పరుగెత్తాడు.

మార్గో వెనక గదిలో ఉంది. కొబ్బరి తురిమే పీట తెరిచి ఉంది. లోపల ట్రాన్స్‌మిటర్. పక్కనే కొప్పే చీటీ. ఆమె వేలు మీట మీద ఆనబోతుండగా పిస్తోలు ఆమె చెవికి తగిలింది.

“వంటవాడికి పిస్తోలెందుకు అబ్బాయ్?”

“నా తమ్ముడు డౌవె. ఐసెల్‌లో ఉండేవాడు. బుధవారం మూడుసార్లు వడ్డించుకునేవాడు.”

ఆమె నవ్వు ఆగిపోయింది.

“కాల్చు మరి.”

రెండేళ్లుగా అతను కోరుకున్నది అదే. కాలిస్తే ఈ సాయంత్రం కబురు అందదు, సబ్‌మెరైన్ అనుమానించి అక్కడే కాచుకుంటుంది. ఓడలో నాలుగు వందల మంది ఉన్నారు.

“పంపు. ‘బుధవారం రేవులోనే భోజనం.’ ఎవరు పంపేవో తెలియకపోయినా, నీ పాత సందేశాలన్నీ విన్నాను. ఒక్క అక్షరం తేడా వచ్చినా తెలుస్తుంది.”

ఆమె పంపింది. పిస్తోలు మాత్రం పేలలేదు.

తెల్లవారాక బెర్కెల్ ఎవరి కంటా పడకుండా రేవు దాటింది. సుమత్రా తీరంలో శత్రువు చమురు ట్యాంకులు తగలబెట్టి పదో రోజున తిరిగొచ్చింది. కొప్పే ఒడ్డున కాలు పెట్టగానే అడిగాడు.

“ఇంతకీ ఆ అరవై కోళ్లూ ఏమయ్యాయి సార్?”

మార్గో మీద సైనిక కోర్టులో విచారణ నడుస్తోంది. ఆమె కబుర్లు అందుకున్న జపాన్ అధికారి పేరు కురిహారా. అతను సురబాయాలో ఇంకా బతికే ఉన్నాడు.