సెకండ్ ఆథర్

సోల్డరింగ్ ఐరన్ ఇంకా వేడిగానే ఉంది. దాన్ని పట్టుకుని పనిచేసిన లాబ్ టెక్నీషియన్ మాత్రం చల్లబడిపోయాడు. మెడ వెనక సూది గుచ్చిన గుర్తు. అతని లాప్‌టాప్ మాయం.

టైమ్ ఉదయం పది నలభై ఒకటి.

శవం పక్కన ముదురు మోకాళ్ళ మీద కూర్చుని చెవిలోని బటన్ నొక్కాడు. ‘ముదురు’ అన్నది, నలభై ఏళ్ళొచ్చినా పీహెచ్‌డీ పూర్తి చేయని మనిషికి లాబ్‌లో జూనియర్లు పెట్టిన పేరు. ఆ పీహెచ్‌డీ గూఢచారి వేసిన వేషమని, జేబులో పిస్టల్ ఉంటుందని పాపం వాళ్ళకి తెలియదు.

"చీఫ్, టెక్నీషియన్‌ని లేపేశారు."

"మేడమ్ పనే. మన ఏజెంటే కదా అని ఆ లాబ్‌లో విజిటింగ్ సైంటిస్ట్‌గా పెట్టాం. తిన్నింటి వాసాలు లెక్కపెట్టింది. పరాయి దేశానికి అమ్ముడుపోయింది. టార్గెట్ ఆనకట్ట. పదకొండుకి అటూ ఇటూగా కొడుతుంది."

ముదురుకి మిగతాది ఎవరూ చెప్పక్కర్లేదు. ఆనకట్ట గోడలో ఈ లాబ్ అమర్చిన సెన్సర్లు రెండు వందల పన్నెండు. అవి నీటిమట్టం కొలిచి రేడియోలో చెబుతాయి. ఆ మాటనిబట్టి గేట్లు వాటంతటవే లేస్తాయి. ఒక్క దొంగ ఆర్డర్ పంపితే చాలు, వరదొచ్చిందని సెన్సర్లన్నీ కూడబలుక్కుని అబద్ధం చెబుతాయి. గేట్లన్నీ ఒకేసారి లేస్తాయి. కింద ఊళ్ళో నలభై వేలమంది. ముదురు సొంత అక్క పాఠాలు చెప్పే బడి కూడా అక్కడే.

"గేట్లకి కరెంటు తీసేయమనండి."

"వాటికి సొంత బ్యాటరీలున్నాయి. మనవాళ్ళు అక్కడికి చేరేసరికి పదకొండున్నర. సెన్సర్లకి లాక్ ఆర్డర్ నువ్వే పంపాలి. ముందు అందిన ఆర్డరే చెల్లుతుంది."

మెట్లెక్కుతూనే ముదురు ఫోన్ తీశాడు.

"అక్కా, పిల్లల్ని మేడెక్కించు. ఇప్పుడే."

"ఎందుకురా? ఇక్కడ పరీక్ష జరుగుతోంది."

"కారణం అడక్కు. ఎక్కించు."

"థీసిస్ రాయలేక మతిగానీ పోయిందా నీకు?" అక్క ఫోన్ పెట్టేసింది.

ఆ బడికి ఉన్నది ఒక్క అంతస్తు మేడే. వరద దాన్నీ ముంచేయగలదు. ముదురుకి భయం వేసింది. పదిహేనేళ్ళ సర్వీసులో తుపాకులు చూసినప్పుడు కూడా అంత భయం వేయలేదు.

లాబ్‌కి పెద్ద, ముదురుకి గైడు అయిన ప్రొఫెసర్ గది మూడో అంతస్తులో ఉంది. గోడ మీద షీల్డులు, శాలువాల ఫొటోలు, వాటి మధ్య ఫ్రేము కట్టించిన పరిశోధన పేపరు. బ్యాటరీ ఆదా కోసం సెన్సర్లు నిద్రపోతాయని, పొద్దున ఆరు నుంచి లెక్కపెట్టుకుని పది నిమిషాలకొకసారి రెండు సెకన్లు మేలుకుని ఆర్డర్లు వింటాయని అందులో ఉంది. ఆ ఒక్క పేపరుతో ఆయన లెక్చరర్ నుంచి డీన్ దాకా ఎక్కాడు.

ముదురు ఆయన కంప్యూటర్ లాక్కున్నాడు. సరిగ్గా పది యాభైకి లాక్ ఆర్డర్ పంపాడు. స్క్రీన్ మీద జవాబిచ్చిన సెన్సర్ల సంఖ్య సున్నా.

"ఎందుకు వినలేదు సార్?"

"నీ చేతకానితనం. పేపర్లో ఉన్నది కరెక్ట్. ముగ్గురు రివ్యూయర్లు చూశారు."

"సెన్సర్లు బిగించిన టెక్నీషియన్ చచ్చిపోయాడు. అసలు టైమింగ్ ఇక మీకొక్కరికే తెలుసు."

"పది నిమిషాలే."

ముదురు పిస్టల్ తీసి ఆయన కణతకి ఆనించాడు. "ఊరు మునిగిపోతుంది."

ప్రొఫెసర్‌కి చెమటలు పట్టాయి. "పదే" అన్నాడు మళ్ళీ. నిజం చెబితే గోడ మీది పేపరు బూటకమని ఒప్పుకున్నట్టే. ఆ గుట్టు బయటపెడతానని బెదిరించి మేడమ్ ఆయన నోరు కట్టేసింది. పరువు ముందు తన ప్రాణమే లెక్కలేని మనిషికి నలభై వేలమంది ఒక లెక్కా?

పది యాభై రెండు. ముదురుకి ఒళ్ళు మండిపోయింది. కానీ రెండేళ్ళు ఈయన చీవాట్లు ఊరికే తినలేదు. పిస్టల్ జేబులో పెట్టేశాడు.

"అయితే మేడమ్ చెప్పింది నిజమేనన్నమాట."

"ఏం చెప్పింది?"

"ఆనకట్ట మీద నడుస్తున్న టైమింగ్ తను కనిపెట్టిందేనట. జర్నల్‌కి పంపింది. నిన్ననే యాక్సెప్ట్ అయింది."

"తను కనిపెట్టిందా?"

"ఫస్ట్ ఆథర్ తనే. మీ పేరూ వేసిందిలెండి, పెద్దవారు కదా అని. సెకండ్ ఆథర్."

ప్రొఫెసర్ ఎగిరి లేచాడు. కుర్చీ వెనక్కి పడింది.

"సెకండా? నేనా? నిన్నగాక మొన్నొచ్చిన మనిషి కిందా? ఆ ఏడు నిమిషాలు నావి! పది పెడితే గడియారాలు తప్పి సెన్సర్లు మాట వినడం మానేశాయి. ఏడుకి దించింది నేను! పేపర్లో పది వేసింది బ్యాటరీ గ్రాఫ్ అందంగా రావడానికి! ఆ దొంగమొహానికేం తెలుసు?"

ఏడు. ముదురు పెదాలు బడిపిల్లాడి పెదాల్లా కదిలాయి. ఏడు నలభైలు రెండు వందల ఎనభై, ఏడు రెళ్ళు పధ్నాలుగు. ఆరు నుంచి రెండు వందల తొంభై నాలుగు నిమిషాలు. అంటే పది యాభై నాలుగు.

గడియారంలో పది యాభై మూడు మీద నలభై ఒక్క సెకన్లు.

ఆర్డర్ మళ్ళీ టైప్ చేశాడు. ఒక అక్షరం తప్పు పడింది. చెరిపాడు. యాభై ఎనిమిది. యాభై తొమ్మిది. ఎంటర్.

సున్నా. ముప్పై. నూట నలభై. రెండు వందల పన్నెండు. అన్నీ లాక్డ్.

ఒక్క సెకను తర్వాత కొండ రోడ్డు మీద ఆగిన కారులోంచి, లిప్‌స్టిక్‌లో దాచిన ట్రాన్స్‌మిటర్ దొంగ ఆర్డర్ పంపింది. ఒక్క సెన్సరూ పట్టించుకోలేదు. ఆ సిగ్నల్‌ని బట్టే చీఫ్ మనుషులు కారు జాడ తీశారు. ఏడేసి నిమిషాలకొకసారి బటన్ నొక్కుతూ కూర్చున్న మేడమ్ పదకొండున్నరకి దొరికింది.

ఈలోగా అక్క ఫోన్ చేసింది.

"మేడెక్కించానురా. ఎండకి మాడుతున్నారు. దింపనా, వద్దా?"

"దింపు అక్కా." ముదురు కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇంతకీ ఏ జర్నల్?" అన్నాడు ప్రొఫెసర్, పడిన కుర్చీ లేపుకుంటూ.

"ఆ పేపరే లేదు సార్."

నెల తిరిగేసరికి ఛార్జ్‌షీట్ దాఖలైంది. మొదటి ముద్దాయి మేడమ్, రెండో ముద్దాయి ప్రొఫెసర్. కాపీ చేతికందగానే ఆయన తన లాయర్ని ఒక్కటే అడిగాడు.

"పేర్లు అక్షరక్రమంలో వేశారా?"