జోడీ లేని బిళ్ళలు

1994 మార్చి 9. ఉదయం పదింటికి హనుమండ్లు శవం పైకి వచ్చింది.

మంచిర్యాల దగ్గరి ఆ బొగ్గుగనిలో నిన్న మధ్యాహ్నం 3.40కి కప్పు కూలింది. 4.10కి కంప్యూటర్ లిస్ట్ ఇచ్చింది: లోపల ఎవరూ లేరు. వెతకడం ఆపేశారు. పొద్దున కూలిన రాళ్లు తీసేవాళ్లకు శవం కనిపించింది. డాక్టర్ లెక్కన ప్రాణం పోయింది తెల్లవారుజామున అయిదింటికి. పదమూడు గంటలు మనిషి బతికే ఉన్నాడు. పాపిష్టి లిస్ట్!

దర్యాప్తు అధికారి మనోరమ కంప్యూటర్ గదిలోకి వెళ్లేసరికి మధ్యాహ్నం 2.45. గ్యాస్ భయంతో కూలిన సొరంగానికి నాలుగింటికి గోడ కట్టేస్తారు. ఆమె సంతకమే తరువాయి.

"తప్పు దొరికింది మేడం," అన్నాడు ప్రోగ్రామర్ విద్యాసాగర్‌రావు. "దిగినోళ్ల పట్టీని ఎక్కినోళ్ల పట్టీతోని జోడీ కలపాలె. జోడీ లేనోడే లోపలున్నట్టు. జల్ది కావాలని, లెక్కకు అడ్డదారి ఎతికే డేటాబేస్ ఆప్టిమైజర్ జోడీ లేనోళ్లనే ముందుగాల తీసేసింది. సరిచేసిన."

ప్రింటర్ కీచుమంది. ఒకే పేరు. హనుమండ్లు.

"నిన్న అనుమానం రాలేదా?"

"సున్నా అంటే మంచిదే గదా అనుకున్నం."

మనోరమ సంతకం పెట్టలేదు. నేరుగా ల్యాంప్ రూముకు నడిచింది. దిగేవాడు తన నంబరు బిళ్ళ అక్కడిచ్చి దీపం తీసుకుంటాడు. పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు.

బోర్డు మీద రెండు బిళ్ళలు వేలాడుతున్నాయి.

"సాంబయ్యా, ఒకటి హనుమండ్లుది. ఈ 212 ఎవరిది?"

"వెంకటిది అమ్మా," అన్నాడు దీపాలిచ్చే సాంబయ్య. "పొద్దటి షిఫ్ట్ చేసి రెండింటికి ఎక్కిండు. లిస్ట్ల గట్లనే ఉన్నది. బిళ్ళ మరిచి, మొక్కు తీర్చ వేములవాడ గుడికి పోయిండేమో."

తలుపు దగ్గర కూచున్న వెంకటి భార్య రామవ్వ దిగ్గున లేచింది.

"గుడికి కోడెను కట్టే మొక్కు నాది. నన్నిడిచి ఎట్ల పోతడు? డబల్ డ్యూటీ అని మల్ల దిగిండు. సద్ది నేనే తెచ్చిచ్చిన. పొద్దటి సంది మొత్తుకుంటున్న, ఒక్కడు ఇనలే!"

3.20. మనోరమ పరుగున కంప్యూటర్ గదికి తిరిగొచ్చింది.

"మనిషి రోజుకు ఒక్కసారే దిగుతాడని నీకెవరు చెప్పారు?"

విద్యాసాగర్‌రావు తెర మీదికి వంగాడు. "ఒకే నంబరు రెండుసార్లొస్తే ఆప్టిమైజర్ ఒకటి కొట్టేస్తది. అది నేను చూడలే."

"డబల్ డ్యూటీ లేని గని ఉందా ఇక్కడ? రెండో దిగుడు కొట్టేసి, పొద్దటి ఎక్కుడు చూసి తృప్తిపడింది నీ లిస్ట్. తియ్యి ఆ అడ్డదారి!"

3.41. ప్రింటర్ మళ్లీ కీచుమంది. రెండు పేర్లు.

ఆమె ఫోన్ అందుకుంది. "గోడ ఆపండి! లోపల వెంకటి ఉన్నాడు, వెతకండి!"

ఆరున్నరకు స్ట్రెచర్ మీద వెంకటి పైకి వచ్చాడు. ఊపిరుంది. రామవ్వ అతని మసిచేతులు పట్టుకుని బావురుమంది.

హనుమండ్లు భార్య కిష్టవ్వ మనోరమ చేతిలోని కాగితాన్ని తాకింది.

"నాకు సదువు రాదు బిడ్డా. గిండ్ల మా ఇంటాయన పేరున్నదా?"

"ఉందమ్మా."

"మరి నిన్న ఎందుకు లేకుండె?"

సమాధానం మనోరమకు తెలుసు. ఆమె కిష్టవ్వ పక్కన కూచుని, కాగితం మీద ఆ పేరును వేలితో చూపింది.