నేల ఉబ్బిన నాలుగో గది

గల్ఫ్‌లో, అల్ రయ్యాన్ దాటి దుఖాన్ వైపు పోయే రోడ్డు పక్కన ఒక కోల్డ్ స్టోరేజీ ఉంది. కోళ్ళు, మేకమాంసం, చేపలు — అన్నీ రాళ్ళలా గడ్డకట్టి అట్టపెట్టెల్లో ఉంటాయి. అక్కడ పనిచేసేవాళ్ళు మూడో గదికైనా పోతారు, ఐదో గదికైనా పోతారు. రాత్రిపూట నాలుగో గదికి పొమ్మంటే మాత్రం... "మాఫీ, మాఫీ" అని — అరబ్బీలో లేదు, లేదని — చేతులు ఊపేస్తారు.

ఆ గదిలో నేల కింద ఎవరో ఉన్నారని చెప్పుకుంటారు.

మొదట ఒక మూల చిన్నగా లేచిందట, పెనం మీద చపాతీ పొంగినట్టు. పోనుపోను, మనిషి పడుకుంటే ఎంత పొడుగుంటాడో అంత మేరా ఉబ్బింది. సిమెంటు బీటలు వారింది. రాత్రి డ్యూటీలో పెట్టెలు సర్దుతుంటే కింద నుంచి — టక్... అని ఒక చప్పుడు. కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ — టక్... టక్. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే రయీస్ ఒకసారి బండిని అక్కడే వదిలేసి, పరుగెత్తి పరుగెత్తి పెద్దరోడ్డు మీద ఆగాడట.

అది దెయ్యమని మొదట అన్నవాడు ఆదెప్ప.

ఆదెప్ప అనంతపురం వైపు మనిషి. ఆ బిల్డింగు కట్టేటప్పుడు ఫోర్‌మన్. కట్టాక అక్కడే సూపర్‌వైజర్. "రాత్రిపూట ఆ పక్కకు పోవాకండప్పా. పోయినోళ్ళు జరమొచ్చి పడ్తారు" అని తనే అందరికీ చెప్పేవాడు. ఎవరూ పోకుండా ఉంటే అతనికే మేలు. ఎందుకంటే... కింద ఎవరున్నారో అతనొక్కడికే తెలుసు.

బుచ్చన్న ఉన్నాడు.

ఎనిమిదేళ్ళ కిందటి మాట. జూలై నెల. మధ్యాహ్నం ఎండలో పని చేయించకూడదని అక్కడి సర్కారు రూలు. పైన రేకులు వేశాం గదా, ఇది ఎండ ఎట్లవుతుంది అన్నాడు ఆదెప్ప. సాయంత్రం కాంక్రీటు బండ్లు వస్తాయి. ఆలోపు గదిలో ఇసుక చదును చేసి తీరాలి. మిగతావాళ్ళు క్యాంపుకు పోయారు. నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన బుచ్చన్న ఒక్కడే దొరికాడు.

"అన్నా, కండ్లు తిరుగుతున్నయి... జర కూసుంట" అన్నాడు బుచ్చన్న.

"కూచుంటే ఇంటికి పంపిస్తా. యల్లా, కానీ!" అన్నాడు ఆదెప్ప.

మూడింటికి వచ్చి చూస్తే బుచ్చన్న బోర్లా పడి ఉన్నాడు. మొహాన నీళ్ళు కొట్టాడు. కదల్లేదు. ముక్కు దగ్గర వేలు పెట్టాడు. గదంతా వేడిగాలే — ఊపిరేదో, గాలేదో తెలియలేదు. పోలీసులు, జైలు, వీసా కేన్సిల్... అన్నీ కళ్ళముందు తిరిగాయి. ఇంకోసారి చూడలేదు. గడ్డపార తీసుకున్నాడు.

గుంత తీస్తుంటే అడుగున పరిచిన ఒక పైపు తెగింది. ఫ్రీజర్ చలి నేలలోకి దిగకుండా వెచ్చటి నీళ్ళు తిరిగే పైపు అది. ఆ సంగతీ ఎవరికీ చెప్పలేదు. బుచ్చన్నను పడుకోబెట్టి, పైన జానెడు ఇసుక కప్పి చదును చేశాడు. అరగంటకల్లా కాంక్రీటు బండ్లు వచ్చాయి.

"బుచ్చన్న ఏడి?" అని అడిగితే, "ఖల్లివెల్లి అయిపోయినాడప్పా" అన్నాడు. కంపెనీ వదిలి పారిపోయినవాణ్ణి అక్కడ అట్లాగే అంటారు. పారిపోయేవాళ్ళు ఎందరో. ఎవరూ రెండో మాట అడగలేదు.

అడిగింది బుచ్చన్న భార్య గౌరవ్వ ఒక్కతే. ఊరి నుంచి నెలనెలా ఫోను. "ఆదెప్పన్నా, మా ఆయన దుబాయ్‌ల ఏడున్నడో ఎరుకైందా?" ఆమెకు ఏ గల్ఫ్ దేశమైనా దుబాయే. తెలీదంటే ఊరుకోలేదు. ఒకరోజు విసుగు పుట్టి, "అల్ ఖోర్‌లో ఎవరో ఆడమనిషితో కాపురం పెట్టినాడమ్మా. ఇంగ రాడు, మర్చిపో" అనేశాడు. ఆమె ఫోను పెట్టేసింది. ఆ తర్వాత ఫోన్లూ లేవు. ఆదెప్ప హాయిగా నిద్రపోయాడు.

నేల ఉబ్బేదాకా.

ఈ మధ్య లింబాద్రి అని ఒక సెక్యూరిటీ కొత్తగా వచ్చాడు. మిలిటరీలో చేసి రిటైరైన తెలంగాణ మనిషి, దెయ్యాలకు బెదిరే రకం కాదు. ఒక రాత్రి నేరుగా నాలుగో గదిలోకి పోయి, టార్చి వేసి చూసి, నవ్వుకుంటూ బయటికి వచ్చాడు.

"దయ్యం లేదు, గియ్యం లేదన్నా. గిది నేను లద్దాఖ్‌ల రోజూ చూసిన ముచ్చటే" అన్నాడు మర్నాడు, ఆదెప్పకు చాయ్ అందిస్తూ.

"ఏం ముచ్చటప్పా?"

"మా పోస్టు ఎత్తు కొండల మీద. పగలు ఎండకు నేల కరుగుతది, రాత్రి గడ్డ కడతది. తడి గడ్డ కడితే ఉబ్బుతది గద? మన్నుల ఉన్న రాయిని మంచు మెల్లగ పైకి లేపుతది. కరిగినప్పుడు రాయి మల్ల దిగుదామంటే, కింద సందుల మన్ను నిండిపోయి ఉంటది. రాయికి పైకొచ్చే తొవ్వనే గని కిందికి పోయే తొవ్వ ఉండదు. అట్ల ఏండ్లకేండ్లు లేసి లేసి, రాళ్ళన్ని నేల మీద ముగ్గేసినట్టు గుండ్రంగ తేలుతయి. కొత్త జవాన్లు దయ్యాలు పేర్చినయని దండం పెడ్తుండిరి."

"ఇది కొండ కాదు కదప్పా... ఎడారి."

"లోపల మైనస్ ఇరవై అయిదు. కింద ఇసుకల తడి. ఏడాదికి రెండు సార్లు కడగనీకి మిషన్ బంద్ పెడ్తరు, కరుగుతది. మల్ల చాలూ చేస్తరు, గడ్డ కడతది. కొండకు ఇంకేం గావాలె? గా టక్కు టక్కుమనేది గూడ గడ్డ పగిలే సప్పుడే."

ఆదెప్ప చేతిలో చాయ్ చల్లారిపోయింది.

"రాళ్ళేనా... పైకొచ్చేది?"

"రాయేంది, బూటైనా వస్తది. ఏది పాతిపెడితే అది." లింబాద్రి గ్లాసు కడిగి బోర్లించాడు. "ఇంజినీరుకు చెప్పిన. కింద పైపు ఖరాబైందట. శనివారం నేల పగలగొడ్తరు."

శనివారం!

శుక్రవారం రాత్రి ఆదెప్ప ఒక్కడే నాలుగో గదిలోకి పోయాడు. పెట్టెలు పొద్దునే తీయించి, కడగాలని మిషన్ బంద్ పెట్టించాడు. కప్పు నుంచి నీటిచుక్కలు... టప్... టప్. చేతిలో కాంక్రీటు పగలగొట్టే బ్రేకర్. బుచ్చన్నను బయటికి తీసి, తెల్లారేలోపు వేనులో ఎడారిలోకి తీసుకుపోవాలి. అంతే పని.

జేబులో ఫోను మోగింది. వాట్సాప్‌లో గౌరవ్వ గొంతు. ఇన్నేళ్ళకు!

"ఆదెప్పన్నా... అల్ ఖోర్ పోతే గా మనిషికి ఒక్క మాట చెప్పు. బొట్టు తీసేసిన, గాజులు పగలగొట్టుకున్న. బతికున్నోనికే పగలగొట్టుకున్న. ఇగ నా దిక్కు రావద్దని చెప్పు."

ఆదెప్ప ఫోను ఆపేశాడు. బ్రేకర్ ఆన్ చేశాడు. బిల్డింగంతా అదిరింది... అయినా ఒక్కడూ తొంగిచూడలేదు. నాలుగో గదిలో చప్పుడంటే ఎవరొస్తారు?

సిమెంటు పెళ్ళలు ఒక్కొక్కటే లేపి పక్కన పడేశాడు. కింద ఇసుకలో మంచు ఉప్పుకల్లులా మెరుస్తోంది. ఆ మంచు మధ్యలో... తోలులా ఎండిపోయిన ఒక చెయ్యి.

పడుకున్న చెయ్యి కాదు. పైకి చాచిన చెయ్యి.

వెనక నుంచి టార్చి వెలుగు పడింది. "ఏందన్నా... గది?"

లింబాద్రి!

ఆదెప్పకు దాచడానికి ఇంకేమీ లేదు. "బుచ్చన్నప్పా... మా లేబరు. ఎండకు పడి చచ్చిపోయినాడు. నేను చంపలేదు లింబాద్రీ! చచ్చినోణ్ణి పూడ్చినా. అంతే... అంతే నేను చేసింది."

"మరి చెయ్యి?"

"మంచు! మంచే లేపింది. నువ్వే చెప్తివి కదప్పా!"

లింబాద్రి టార్చి ఆ చేతి మీదికి తిప్పాడు.

"లేపుతది" అన్నాడు మెల్లగా. "పొడుగు రాళ్ళనైతే నిలబెడ్తది గూడ."

ఆదెప్ప గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. "అదీ... అదే కదప్పా నేననేది..."

లింబాద్రి వంగాడు. చేతికి సరిగ్గా పైన ఉండిన సిమెంటు పెళ్ళ పక్కనే పడి ఉంది. దాన్ని రెండు చేతులా తిరగేశాడు. టార్చి దగ్గరగా పట్టాడు.

ఇసుకకు ఆనుకున్న అడుగువైపు... నాలుగు గీతలు. పక్కనే బొటనవేలి గుంత. పచ్చి సిమెంటులో గుచ్చుకుని, పట్టు దొరక్క, జారిపోయిన వేళ్ళ అచ్చులు.

"అన్నా..." అన్నాడు లింబాద్రి. "మంచు వట్టింది సిమెంటు ఎండినంక గద?"