లేడీస్ సైడ్ డిస్కు

ఏజెంట్ జోయెల్ శవం బందరు కాలువలో తేలింది. మెడకు అతని కెమెరా బెల్టే బిగించి ఉంది.

"హంతకుడు ప్రాణాలతో కావాలి ఆస్రా. వాడు నోరు విప్పాలి," అన్నాడు ఇంటెలిజెన్స్ చీఫ్ సంజీవరావు. "కోస్తా రాడార్ స్టేషన్ల ప్లాన్లు పెళ్లి డీవీడీల్లో గల్ఫ్‌కి పోతున్నాయి. మీ ముస్లిం పెళ్లిళ్లలో ఆడవాళ్ల వైపు విడిగా తీస్తారే, ఆ లేడీస్ సైడ్ డిస్కు పేరుతో. మర్యాదకొద్దీ చెకింగ్ వాళ్లు కూడా దాన్ని వేసి చూడరు. పంపేది భవానీపురంలో సాయిగణేష్ వీడియో ల్యాబ్. జోయెల్ కెమెరామన్ వేషంలో చేరింది అక్కడే. ఈ సాయంత్రం కొరియర్‌లో ఇంకోటి వెళ్తోంది. రిసెప్షన్‌లో హెప్సిబా మన మనిషే. కాకపోతే జీతం వాళ్ల దగ్గర కూడా తీసుకుంటోంది. జాగ్రత్త."

"ఎస్ సర్," అంది ఆస్రా.

ప్రాణాలతో అన్న మాట ఆమెకు మింగుడు పడలేదు. ఫెర్రీ రేవులో తూటా తగిలిన తనను భుజాన వేసుకుని ఒడ్డుకు చేర్చినవాడు జోయెల్. అతన్ని చంపినవాడు కాళ్లు పట్టుకుని ఏడవాలి. అది చూసేదాకా ఆమెకు తిండి సహించేలా లేదు.

నల్ల బురఖా, చేతినిండా గోరింటాకు. పెళ్లికూతురి పిన్ని వేషం. ముసుగుకు పెట్టిన పిన్నులో కెమెరా.

రిసెప్షన్‌లో హెప్సిబా ఎర్ర లిప్‌స్టిక్‌తో, వదిలేసిన జుట్టుతో వెలిగిపోతోంది.

"పెళ్లిలో బిర్యానీ ఎలా ఉందండీ?"

"ఉప్పు తగ్గిందండీ."

కోడ్ కుదిరింది. లోపల టేబుల్ మీద గుట్టగా డిస్కులు, అన్నీ విదేశాల్లోని చుట్టాలకే. కొరియర్ వ్యాన్ బయట హారన్ కొడుతోంది. సాయిగణేష్ డిస్కులు సంచిలో సర్దుతున్నాడు.

ఆస్రా కళ్లు ఒక్క కవరు దగ్గర ఆగిపోయాయి. లేడీస్ సైడ్ అని రాసి ఉంది. దాని మీద నగలతో నవ్వుతున్న పెళ్లికూతురి ఫొటో! పరాయి మగాళ్లు చూడకూడదని విడిగా తీయించుకున్న డిస్కు మీద ఏ ఇంటివాళ్లయినా పిల్ల మొహం అచ్చు వేయిస్తారా? పేరు మాత్రమే వేయిస్తారు. నిజం డిస్కులా కనిపించాలని వెధవ అతి చేశాడు.

ఆమె ఆ కవరు అందుకుంది. వెంటనే మెడ వెనక చల్లగా పిస్టల్ గొట్టం తగిలింది.

"సారీ ఆస్రా గారూ," అంది హెప్సిబా.

సాయిగణేష్ పగలబడి నవ్వాడు. "నీ జోయెల్ కూడా ఆ కవరు దగ్గరే ఆగాడమ్మా. ఇదేంటన్నా, ఫొటో వేశావేంటని అడిగాడు. ఈ చేతుల్తోనే బిగించా."

ఆస్రాకు రక్తం మరిగిపోయింది. గొంతు మాత్రం మామూలుగానే ఉంచింది. "పని అయ్యాక నీ బాసులు నిన్నూ ఇలాగే తేల్చేస్తారు."

"వాళ్లా? ఒట్టి గొర్రెలు! వాళ్లకి పంపే ప్రతి ప్లానూ ముందే వాళ్ల శత్రువులకి అమ్మేస్తున్నా. ఈరోజుకీ పసిగట్టలేదు. ఇక కాల్చెయ్ హెప్సిబా!"

పిస్టల్ నెమ్మదిగా అతని వైపు తిరిగింది.

"జోయెల్ మా చర్చిలో నా పక్కన నిలబడి పాడేవాడు. జీతం ఎవరిచ్చినా తీసుకుంటానుగానీ ఇది మాత్రం ఊరుకోను," అంది హెప్సిబా.

ఆస్రా పిన్ను తీసి కంప్యూటర్‌కు తగిలించింది. రాడార్ ప్లాన్ల డిస్కును విరిచి పారేసి, పిన్నులో రికార్డయింది కొత్త డిస్కుకు ఎక్కించింది. అదే కవరు, అదే అడ్రసు. మిగతా వాటితో పాటు సంచిలో వేసి, వ్యాన్ కదులుతుండగా పరుగెత్తి కిటికీలోంచి పడేసింది.

తిరిగి వచ్చి హెప్సిబాను పిస్టల్ దించమంది. "వెళ్లండి సాయిగణేష్ గారూ. మీరు మాట్లాడిందంతా మీ బాసులు ఎల్లుండి హాయిగా కూర్చుని చూస్తారు."

అతని మొహం పాలిపోయింది. గుమ్మం దాకా వెళ్లి, రోడ్డుకు అటూ ఇటూ చూసి, వెనక్కి వచ్చి ఆస్రా కాళ్ల మీద పడ్డాడు.

"అరెస్ట్ చెయ్యండి మేడమ్! జైల్లో పడెయ్యండి! ఎవరెవరున్నారో పేర్లన్నీ చెబుతా!"

"ఇంకాస్త ఏడవండి," అంది ఆస్రా.

ఆ రాత్రి సంజీవరావుకు నమ్మకం కుదరడం లేదు. "ఒక్క దెబ్బయినా వెయ్యకుండా అన్నీ కక్కాడు. ఏం చేశావు?"

"ఏం లేదు సర్. ఫారిన్‌లో ఉన్న వాళ్లవాళ్లు వాణ్ణి చూసి చాలా రోజులైంది కదా అని, వీడియో తీసి పంపాను."