ఛీఫ్ బారన్ ఎర్ర గౌను

ఆదివారం పొద్దున్నే కరీంనగర్‌లోని డిటెక్టివ్ మమతారాణి ఆఫీసుకు జమున పరుగున వచ్చింది. లా చదువుతున్న పిల్ల.

"మేడం, సాయంత్రం మా నాటకముంది. ఐర్లాండుల పాత ఖజానా కోర్టు పెద్దజడ్జిని ఛీఫ్ బారన్ అనేటోళ్లు. ఆ వేషం నాది. ఎర్ర గౌను పోయింది, నేనే దాచిన అంటున్రు. దొరకకుంటే వేషం మా క్లాసు లక్ష్మణ్‌కిచ్చి, నన్ను కాలేజీల నుంచి తీసేస్తరట!"

అసిస్టెంటు వెంకటికి ఒళ్లు మండింది. మేడం మాత్రం నింపాదిగా చెప్పులేసుకుంది. ఆ నిదానమంటేనే వెంకటికి ప్రాణం.

కాలేజీ హాల్లో నేలంతా గళ్ల బట్ట పరిచి ఉంది. ఆ కోర్టులో బల్ల మీద గళ్ల గుడ్డ పరిచి లెక్కలు తేల్చేవారట. అందుకే నాటకానికీ అదే పరిచారు. నిన్న జమున దాని మీదే తిరుగుతూ గళ్లకు రంగు వేసింది. గౌను పెట్టిన బీరువా అవతలి గోడకుంది. గోడవారన బరువైన బెంచీలు జరిపి ఎవరో సందు చేశారు.

"నిన్న గివి గోడకు ఆనుకొనే ఉండె," అంది జమున.

మమతారాణి అందరినీ పిలిపించింది. ప్రిన్సిపాల్ అనసూర్య బట్ట మీదుగానే వచ్చింది. లక్ష్మణ్ బూట్లతోనే తొక్కుకుంటూ వచ్చాడు. లెక్చరర్ భానుప్రసాద్ గోడవారన సందులోంచి చుట్టూ తిరిగి వచ్చాడు.

"నిన్నటిసంది గీ హాల్ల నేను అడుగే పెట్టలే," అన్నాడాయన. "అయినా ఛీఫ్ బారన్లల్ల ఒక్క ఆడమనిషన్న ఉన్నదా?"

జమున తలెత్తింది. "లేదు సార్. అందుకే కూసుంట."

వెంకటికి చప్పట్లు కొట్టాలనిపించింది. మమతారాణి భానుప్రసాద్ వైపు తిరిగింది.

"జమున దొంగైతే బట్ట మీదికెల్లే పోయేది. లక్ష్మణ్ అయినా గంతే. బెంచీలు జరిపినోళ్లకు పరిచిన బట్టను తొక్కబుద్ధి కాలే. మాది సిరిసిల్ల సార్, బట్ట నేసే ఇల్లు. బట్ట మీద కాలుపెడితే మా బాపు వీపు పగలగొట్టేటోడు. మీరు ఇప్పుడు గా సందుల నుంచే వచ్చిన్రు. మీ బాపు గూడ గట్లనే నేర్పిండా?"

భానుప్రసాద్ ముఖం పాలిపోయింది. అనసూర్య వెళ్లి ఆయన గదిలోని బీరువా తీయించింది. గౌను అందులోనే ఉంది.

"మీ బాపు నేర్పిన మర్యాద మంచిదే సార్," అంది మమతారాణి. "దాన్ని గింత పాడుపనికి తెచ్చిన్రు."

"ఆ కుర్చీ లక్ష్మణ్‌ది," అని గొణుగుతూ ఆయన బెంచీ మీద కూలబడ్డాడు.

జమున గౌను తొడుక్కుంది. నేరుగా వెళ్లి ఛీఫ్ బారన్ కుర్చీలో కూర్చుంది.

"ముద్దాయి కూసోవద్దు. లేచి నిలబడాలె."

భానుప్రసాద్ ప్రిన్సిపాల్ వైపు చూశాడు. ఆమె కూడా కుర్చీలోని జమున వైపే తిరిగింది. ఆయన లేచి నిలబడ్డాడు.